మాస్టారి ర్యాలీ సైకిల్ టైర్లు: మెరుపు తీసేసి నిలబెట్టిన కేసు

ముందే చెప్పేస్తా, ఇది పెయింటు గురించో క్రోమ్ గురించో కాదు, పూర్తిగా రెండు టైర్ల గురించి. పాత సైకిళ్ళు బాగుచేసే పనిలోకి దిగి నాకు పదకొండేళ్ళు, విజయవాడలో ఇంటి వెనక రేకుల షెడ్డే వర్క్‌షాపు. వచ్చేవాళ్ళందరూ ముందు ఫ్రేము రంగు అడుగుతారు, తర్వాత హ్యాండిల్ మెరుపు అడుగుతారు, డబ్బులిచ్చి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి "టైర్లు కూడా కాస్త నల్లగా చేసివ్వండి" అంటారు. ఆ కాస్త నల్లగా అన్న మాటతో పాడైపోయిన టైర్లు నా షెడ్డులో మేకుకి వేలాడుతున్నవే ఏడు. అందుకే ఈ కేసు మొదట్నించీ రాస్తున్నా.

సైకిల్ గుడివాడ వైపు నుంచి ఆటో ట్రాలీలో వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారిది, అంటే ఆయనది కూడా కాదు, వాళ్ళ నాన్నగారిది. ర్యాలీ అనే ఇంగ్లీషు కంపెనీది, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, ముందు చక్రానికి 32 పుల్లలు వెనక 40 పుల్లలు, పాత ఇంగ్లీషు లెక్క ప్రకారమే. వెనక హబ్బు స్టర్మీ ఆర్చర్ మూడు గేర్లది, గుడ్డతో గ్రీజు తుడిస్తే ఏడబ్ల్యూ అన్న అక్షరాల పక్కన 54 అన్న అచ్చు బయటపడింది. ఆ కంపెనీ వాళ్ళు హబ్బు మీద తయారైన సంవత్సరం కొట్టేవాళ్ళు కాబట్టి చక్రం 1954 నాటిదని ధైర్యంగా చెప్పొచ్చు. టైర్లు మాత్రం అప్పటివి కాదు, ఆ తర్వాత ఎప్పుడో మార్చినవి, డన్‌లప్, పక్కగోడ మీద మేడ్ ఇన్ ఇండియా అని చదవగలిగేంత మిగిలుంది. డన్‌లప్ వాళ్ళు బెంగాల్లోని సాహాగంజ్‌లో 1936లో ఫ్యాక్టరీ పెట్టారు, మన ఊళ్ళల్లో పాత సైకిళ్ళకి దొరికే డన్‌లప్ టైర్లు ఎక్కువగా అక్కణ్ణుంచి వచ్చినవే.

మాస్టారు దిగీ దిగగానే అన్న మాట: "అబ్బాయ్, ఇది మా హాల్లో నాన్నగారి ఫొటో కింద పెడతాను. సంక్రాంతికి ఒక్కసారి నేనే తొక్కుతా. టైర్లు మాత్రం కొత్త బూట్లలా మెరవాలి."

"మెరుపు సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు నన్ను ముట్టుకోనివ్వండి" అన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు, కనపడింది.

ముట్టుకుంటే వెనక టైరు వేళ్ళకి అంటుకుంది. అంతకుముందు ఎవరో, ఆయన చెప్పిందాన్నిబట్టి వాళ్ళ ఊళ్ళో ఒక షాపులోనే, టైర్లకి రెండుసార్లు ఏదో మెరుపు లిక్విడ్ కొట్టారట, మూడోసారి అది అయిపోయిందని బండి ఇంజిన్ ఆయిల్లో గుడ్డ ముంచి తుడిచారట. మొదటి నెల భలే ఉందట. నాలుగో నెలకి దుమ్మంతా పట్టుకుని పక్కగోడ బొగ్గు పూసినట్టయిపోయింది. ముందు టైరు కథ వేరు. అది ఏళ్ళ తరబడి గాలి లేకుండా వరండాలో నిలబడింది, నేలకి ఆనినచోట ఒక జానెడు మేర టైరు మడతపడి, ఆ మడత వెంబడే రిమ్ముకి సమాంతరంగా పగుళ్ళు, గోరు పెడితే గోరు దిగేంత. ఆ వరండా పడమటి వైపు, రోడ్డు మీదికి, సాయంత్రం ఎండంతా చక్రాల మీదే.

ఇక్కడ కొంచెం ఆగి రబ్బరు సంగతి చెప్పాలి, ఇది అర్థమైతే మిగతా పనంతా ఎవరికి వాళ్ళే చేసుకోవచ్చు. పాత సైకిల్ టైర్లలో ఎక్కువ పాలు నేచురల్ రబ్బరు. గాల్లో ఎప్పుడూ కొంచెం ఓజోన్ ఉంటుంది, ఎండ, బళ్ళ పొగ కలిసినచోట ఇంకా ఎక్కువ, అది రబ్బరు అణువుల గొలుసుల్ని తెంచుతుంది. కానీ అసలు సంగతి ఏంటంటే సాగి ఉన్న రబ్బరు మీదే దాని పగుళ్ళు పడతాయి, సాగకుండా ఊరికే ఉన్న రబ్బరు మీద పైన బూడిద రంగు పొరలా వస్తుందే గానీ లోతుగా చీలదు. పగులు ఎప్పుడూ సాగిన దిక్కుకి అడ్డంగా పడుతుంది. అందుకే మడతపడ్డ టైరు మడత మీదే పగిలింది, మిగతా చుట్టంతా బాగానే ఉంది. గాలి లేకుండా నిలబెడితే మడత, ఫుల్లుగా గాలి కొట్టి ఏళ్ళకేళ్ళు ఉంచేస్తే చుట్టంతా సాగుడు, రెండూ చెడ్డవే.

దీన్ని తట్టుకోడానికి ఫ్యాక్టరీలోనే రబ్బరులో కొంచెం మైనం, ఓజోన్‌ని అడ్డుకునే కెమికల్ కలుపుతారు, అవి మెల్లమెల్లగా లోపల్నించి పైకి ఊరుతూ పల్చటి పొర కడతాయి. పాత టైరు మీద గోధుమ రంగు మసకలా కనపడేది చాలాసార్లు అదే. మనం దాన్ని మురికనుకుని పీచు పెట్టి రుద్దేస్తాం. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె చూశారా, ముక్కల్ని కాపాడేది అదే, అది మొత్తం తోడేసి ఎర్రగా కనపడుతోంది అని సంబరపడితే వారంలో బూజు. టైరు మీద కిరోసిన్‌తోనో పెట్రోల్‌తోనో థిన్నర్‌తోనో తుడవడం అచ్చం ఆ తోడెయ్యడమే, పైపెచ్చు పెట్రోలియం సరుకేదైనా నేచురల్ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బినప్పుడు నల్లగా నిండుగా కనిపిస్తుంది, అదే జనం మురిసిపోయే మెరుపు. ఇంజిన్ ఆయిల్, డీజిల్, గొళ్ళేలకి కొట్టే స్ప్రేలు అన్నీ ఇదే జాతి. కొబ్బరినూనె సహజం కదా అంటారు కొందరు, అది కూడా ఇంకుతుంది, తర్వాత కంపు కొడుతుంది, జిగురవుతుంది.

సరే, పని. చక్రాలు రెండూ సైకిల్ నుంచి విప్పేశాను. టైరు పని ఎప్పుడూ చక్రం బయటికి తీసే చేస్తా, ఎందుకంటే డ్రెస్సింగుల్లో, అంటే టైరు నల్లగా కనపడ్డానికి పూసే లిక్విడ్లలో, చాలావాటికి సిలికాన్ ఉంటుంది, అది ఒక తుంపర ఫ్రేము మీద పడినా రేపు ఎప్పుడైనా పెయింట్ టచప్ చేసేటప్పుడు అక్కడ రంగు పట్టకుండా చేపకళ్ళలా గుంటలు పడుతుంది. ఈ సైకిల్ మడ్‌గార్డు మీద చేత్తో గీసిన బంగారు గీత ఇంకా మిగిలుంది, దానికి ఎసరు పెట్టలేను కదా.

టైరు ఊడదియ్యడమే అరపూట పట్టింది. వాల్వులు పాత డన్‌లప్ రకం, వాల్‌ట్యూబ్‌ది, అంటే గాలి వెనక్కి రాకుండా లోపల చిన్న రబ్బరు గొట్టం తొడిగేది. 1888లో బెల్ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్‌లప్ కొడుకు ట్రైసైకిల్ కోసం గాలి టైరు చేశాడు, ఆ పేరే మన షాపుల్లో ఈ వాల్వుకి ఇప్పటికీ నిలిచిపోయింది. వాల్‌ట్యూబ్ రెండూ చిమిడిపోయి వేలితో నలిపితే ముక్కలయ్యాయి. గాలి నిలవట్లేదు టైరు పోయింది అని పాత సైకిళ్ళని మూలన పెట్టేస్తారు గానీ సగం సార్లు దోషం ఆ రెండు రూపాయల రబ్బరు గొట్టానిదే. గట్టిపడ్డ టైరుని స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే అంచు తీగ దగ్గర గుడ్డ చిరుగుతుంది, అందుకని నడుంనొప్పికి వాడే వేడినీళ్ళ రబ్బరు సంచి ఉంటుందిగా, అది నింపి టైరు మీద పావుగంట పావుగంట చొప్పున జరుపుకుంటూ పోయాను, మెత్తబడ్డచోట ప్లాస్టిక్ లివర్‌తో కొంచెం కొంచెం. తొందరపడితే ఇక్కడే అయిపోతుంది కేసు.

వెనక టైరు తిరగేసి లోపలికి టార్చి వేస్తే ఒకచోట అట్ట కట్టినట్టు కనిపించింది. ఇంకో పాత టైరు ముక్కని నాలుగువేళ్ళ వెడల్పున కోసి, లోపల పెట్టి, చెప్పులు కుట్టే మైనపు దారంతో చుట్టూ కుట్టేశారు. పదహారు కుట్లు, లెక్కపెట్టాను. బయట పక్కగోడ మీద కుట్టు కనపడకుండా ప్రతి కుట్టూ రబ్బరు గాడిలోనే దిగేట్టు వేశారు. మాస్టారికి ఫోన్ చేసి వీడియోలో చూపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అది నాన్నే కుట్టారు, పెడన వెళ్ళొస్తుంటే గాజుపెంకు దిగింది, నేను లాంతరు పట్టుకున్నా" అన్నారు. అంతకుముందు రోజు వరకూ పనికిరాకపోతే పారేసి కొత్తవి వేసెయ్ అన్న మనిషి, "వాటిని మాత్రం బయట పడెయ్యకబ్బాయ్" అన్నారు. ఆ ఫోన్ తర్వాతే ప్లాన్ మారింది. తొక్కే టైర్లు వేరు, దాచే టైర్లు వేరు.

తొక్కడానికి ఈ పాత జత పనికిరాదని నేను అప్పటికే తేల్చుకున్నా. నేను చూసేది మూడు. రబ్బరులో గోరు నొక్కి తీస్తే గుంట నిండుతుందా లేదా, పగులు విప్పితే లోపలి నూలు గుడ్డ కనపడుతుందా, అంచు తీగ దగ్గర తుప్పు మరక బయటికి ఊరిందా. ముందు టైరుకి పగుళ్ళలో రెండుచోట్ల గుడ్డ పోగులు తెల్లగా కనిపిస్తున్నాయి. వెనకదానికి నూనె పట్టినవైపు గోరు గుంట పది నిమిషాలైనా నిండలేదు. గుడ్డ కనపడిందంటే ఆ టైరు మీద మనిషి కూర్చోకూడదు, ఇందులో నాకు మొహమాటం లేదు, ఎంత దగ్గరివాళ్ళడిగినా తొక్కుడికి బిగించి ఇవ్వను.

కడగడం. ముందు పొడిగా, మెత్తటి పెయింట్ బ్రష్‌తో గాడుల్లో ఇసుకంతా దులపడం, తడిపాక ఇసుక పేస్టయి పగుళ్ళలోకి పోతుంది కాబట్టి. తర్వాత కుంకుడుకాయ రసం, పట్టుచీరలకి వాడినంత పల్చగా, మా అమ్మ చేసిచ్చింది, దొరకనివాళ్ళు పిల్లల షాంపూ నీళ్ళల్లో చుక్క వేసుకోవచ్చు. గుడ్డని పిండేసి, తేమ మాత్రమే తగిలేట్టు తుడవాలి. టైరుని బకెట్లో ముంచడం చాలామంది చేసే తప్పు. పాత టైరు లోపల ఉన్నది నూలు గుడ్డ, పగుళ్ళలోంచి నీళ్ళు దిగితే పైన రబ్బరు ఆరినా లోపల గుడ్డ ఆరదు, కుళ్ళుతుంది, మన కోస్తా ఉక్కలో అయితే మరీను. నేను ఒక జానెడు తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్ది, తర్వాత జానెడుకి వెళ్తా. మొత్తం అయ్యాక ఫ్యాన్ కింద, నీడలో, రెండు రోజులు.

ముందు టైరు ఒక్క రౌండుకే తేలిపోయింది, గోధుమ మసక ఉన్నచోట దాన్ని అలాగే వదిలేశా. వెనకదానికి ఐదు రౌండ్లు పట్టింది. మొదటి మూడు గుడ్డలు తారు తుడిచినట్టు వచ్చాయి. నాలుగో రౌండుకి నాకు అర్థమైందేంటంటే జిగురు రెండు రకాలు, పైన పేరుకున్న జిగురు ఒకటి, అది కడిగితే పోతుంది, రబ్బరే లోపల గొలుసులు తెగి మెత్తబడిపోయిన జిగురు ఇంకోటి, అది ఏం చేసినా పోదు. చైను వైపు పక్కగోడ మీద ఒక అరచెయ్యి మేర ఆ రెండో రకం. దాన్ని ఇంక రుద్దకుండా ఫ్రెంచ్ చాక్ పౌడర్, అంటే ట్యూబులకి పూసే మెత్తటి తెల్ల పౌడర్ అద్ది, ఆరుగంటలయ్యాక మెత్తటి బ్రష్‌తో దులిపేశాను. కొంచెం బూడిదగా కనిపిస్తుంది, కనిపించనీ. దుమ్ము పట్టకుండా ఉంటుంది, అది చాలు.

రిమ్ముల దగ్గర ఇంకో సంగతి బయటపడింది. రాడ్ బ్రేకుల్లో బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కలకి కాదు, లోపలి అంచుకి, అంటే పుల్లల వైపు తిరిగిన ముఖానికి కింద నుంచి పైకి లాగి పట్టుకుంటాయి. ఆ షాపు వాళ్ళు కొట్టిన లిక్విడ్ కారి సరిగ్గా అక్కడ చేరింది. బ్రేకు రబ్బరు మీద వేలు పెడితే సబ్బు ముక్కలా జారింది. మాస్టారి వయసు డెబ్భై రెండు, ఆయన దీన్ని సంక్రాంతికి కాలవగట్టు మీద తొక్కాలనుకుంటున్నారట, విన్నాక నాకు చెమట పట్టింది. రిమ్ముని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మూడుసార్లు తుడిచి, బ్రేకు రబ్బర్లు నాలుగూ కొత్తవి వేశాను, జిడ్డు పీల్చిన పాతవి అరగదీసి వాడుకోవాలని చూడొద్దు. ఇదే కారణంతో టైరు నేలకి ఆనే భాగానికి, అంటే గళ్ళ మీద, ఏ డ్రెస్సింగూ వెయ్యను, హాల్లో పెట్టే సైకిలైనా సరే. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఎక్కుతారు.

ఇక డ్రెస్సింగ్. కొనేటప్పుడు సీసా తిప్పి చూడాలి, మంట బొమ్మ ఉండి, లోపల లిక్విడ్ నీళ్ళలా తేటగా జిడ్డుగా ఉండి, మూత తీస్తే పెట్రోల్ బంకు వాసనొస్తే అది సాల్వెంట్ రకం, వద్దు. పాలలా తెల్లగా ఉండేవి సాధారణంగా నీళ్ళల్లో కలిపిన సిలికాన్ రకం, అవి రబ్బరుని ఉబ్బించవు, పైన పల్చటి పొరగా కూర్చుంటాయి. నాకు ఇంకా నమ్మకం మెడికల్ షాపులో దొరికే మామూలు గ్లిజరిన్ మీద, ఒక వంతు గ్లిజరిన్‌కి నాలుగు వంతులు డిస్టిల్డ్ వాటర్. గ్లిజరిన్ నేచురల్ రబ్బరులోకి ఇంకి పాడు చెయ్యదు, మెరవదు, ఒక రకమైన తడి నలుపు ఇస్తుంది అంతే. తేమ లాగుతుంది కాబట్టి ఎక్కువ పెడితే దుమ్ము పడుతుంది, అందుకని రాయడం కాదు, పాత బనీను గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి, ఆ గుడ్డని చేతుల్లో బాగా నలిపి, అప్పుడు తుడవాలి. పావుగంటాగి పొడిగుడ్డతో తీసెయ్యాలి. వేలు పెడితే వేలికి ఏమీ అంటకూడదు, అంటితే ఎక్కువైనట్టే.

ముందు టైరుకి ఇలా గ్లిజరిన్ వేశా, మడత పగుళ్ళున్న జానెడు వదిలేసి. పగుళ్ళలోకి ఏ లిక్విడ్ అయినా దిగితే చేరేది గుడ్డకే. కొందరు ఆ పగుళ్ళని పంచరు సొల్యూషన్‌లో నల్ల పొడి కలిపి పూడుస్తారు, ఫొటోకి బాగానే ఉంటుంది, నేనూ మొదట్లో ఒక బీఎస్ఏ కంపెనీ సైకిల్‌కి చేశాను, ఎనిమిది నెలల్లో పూడ్చిన అతుకు అంచు వెంబడి కొత్త పగులు లేచింది, గట్టి ముక్క పక్కన మెత్త రబ్బరు సాగదు కదా సమంగా. అప్పట్నించి పగులుని పగులులాగే ఉంచుతున్నా. వెనక టైరుకి నేను ఏమీ వెయ్యలేదు. ఇప్పటికే నాలుగు టైర్లకి సరిపడా తాగేసింది అది.

మధ్యలో ఒక మాట. డాలస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు ఈ ఫొటోలు చూసి "నా ష్విన్‌కి కూడా ఇదే చెయ్యనా అన్నయ్యా" అని అడిగాడు, వాడి దగ్గర తెల్ల పక్కగోడల టైర్లున్న లావు సైకిలుంది. 1933లో ష్విన్ వాళ్ళు అమెరికాలో ఆ బెలూన్ టైర్లు మొదలుపెట్టారు, అక్కడ కలెక్టర్లకి అవంటే ప్రాణం. వాటితో ఇబ్బంది వేరు, నల్ల రబ్బరులో ఉన్న ఆ కాపాడే కెమికలే మెల్లగా తెల్ల రబ్బరులోకి పాకి గోధుమ మరక చేస్తుంది, పైన నల్ల డ్రెస్సింగ్ తగిలితే ఇంకా. తెల్ల భాగానికి వంటసోడా పేస్టు, మెత్తటి బ్రష్, తర్వాత తడిగుడ్డ, అంతే, డ్రెస్సింగ్ అసలు వద్దు, నల్ల భాగానికి వేసేటప్పుడు కూడా గుడ్డ చూపుడువేలికి చుట్టుకుని గీత దాటకుండా వెయ్యమన్నా. ఇంకో హెచ్చరిక కూడా చెప్పా, ష్విన్ మిడిల్‌వెయిట్, అంటే బెలూన్‌వాటికంటే కాస్త సన్న టైర్ల సైకిళ్ళకి 26×1¾ అని భిన్నంలో రాసి ఉండే టైరు రిమ్ము కొలత, అంటే టైరు అంచు కూర్చునేచోట వ్యాసం, 571 మిల్లీమీటర్లు, మామూలుగా దొరికే 26×1.75 కొలత 559. లెక్కల్లో రెండూ ఒకటే, రిమ్ము మీద ఒకటి కాదు. వాడు అప్పటికే తప్పువి ఆర్డర్ పెట్టి ఉన్నాడు.

మనకీ ఆ తంటా ఉంది. ఈ ర్యాలీ టైరు 28×1½, రిమ్ము కొలత 635. ఇప్పటి 700సీ టైర్లని కూడా కొన్నిచోట్ల 28 అనే రాస్తారు, వాటి కొలత 622, పదమూడు మిల్లీమీటర్ల తేడా, ఎంత లాగినా ఎక్కదు. అదృష్టం ఏంటంటే 28×1½ మన దేశంలో ఇంకా తయారవుతోంది, నల్ల సైకిళ్ళు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి, లుధియానా సరుకు గవర్నరుపేటలో అడగ్గానే దొరికింది. తొక్కుడు జతగా అవే వేశా, కొత్త ట్యూబులు, టైరుకీ ట్యూబుకీ మధ్య పౌడర్ అద్ది, గాలి ఒత్తిడి వెనక 45 పీఎస్ఐ (పంపు గేజి మీద ఉండే కొలత), ముందు 40. వాల్‌ట్యూబ్ వాల్వుతో గేజి సరిగ్గా చూపించదు, అందుకని నా దగ్గర పంపుకి ఎన్ని కొట్లకి ఎంత నిండుతుందో ముందే లెక్క రాసుకున్నా, మాస్టారికి వాళ్ళింటి పంపుతో కొట్టించి బొటనవేలితో నొక్కించి చూపించా. లెక్కల మాస్టారు కదా, ఆయన కొట్లు కూడా కాగితం మీద రాసుకున్నారు.

పాత జత సంగతి. హాల్లో పెట్టినన్నాళ్ళూ అవే ఉండాలని ఆయన పట్టు. అందుకని ఆయనకి తెలిసినవాళ్ళ పాత హీరో సైకిల్ నుంచి ఇంకో రెండు 28 రిమ్ములు తెచ్చి, పుల్లలు సరిచేసి, బెండు తీసి, వాటికి పాత టైర్లు వేశాను. లోపల ట్యూబు లేదు. ఏసీ పైపులకి చుట్టే నల్ల ఫోమ్ గొట్టం ఉంటుంది చూశారా, అది సుమారు 2 మీటర్ల 10 సెంటీమీటర్లు కోసి, పైన నూలు పట్టీ చుట్టి, టైరు లోపల కూర్చోబెట్టాను. టైరు దాని సొంత ఆకారంలో ఉంటుంది, సాగదు, మడత పడదు. కుట్టు పడ్డచోట మాత్రం ఫోమ్ కొంచెం చెక్కాను, దారం నలగకుండా. ఈ చక్రాల మీద సైకిల్ని హాల్లో తొయ్యొచ్చు, ఎక్కకూడదు. ఎవరూ మర్చిపోయి ఎక్కకుండా సీటుకి ఒక ఎర్ర తాడు కట్టమన్నా.

ఇన్ని చక్రాలు పెట్టుకోలేనివాళ్ళు ఒకటే జతతో ఉంటే, సైకిల్ని వాడనన్నాళ్ళూ స్టాండు మీదో కొక్కేనికో వేసి చక్రాలు నేలకి తగలకుండా చేసి, గాలి 15 నుంచి 20 పీఎస్ఐకి తగ్గించి ఉంచండి, మడత పడనంత, సాగనంత. కిటికీ ఎండ తగలనిచోట. డ్రిల్ మెషీన్, మిక్సీ లాంటి రవ్వలొచ్చే మోటార్ల పక్కన వద్దు, వెల్డింగ్ షెడ్డుల్లో అసలే వద్దు, అక్కడ ఓజోన్ పుడుతుంది. పైన కప్పేది పాత చీరో దుప్పటో, ప్లాస్టిక్ కవరు కప్పితే చెమట పడుతుంది, కొన్ని ప్లాస్టిక్‌లు రబ్బరుకి అంటుకుపోతాయి కూడా. టైల్స్ మీద నేరుగా పెడితే కొన్నాళ్ళకి గోధుమ మచ్చ దిగుతుంది, కింద ఒక చెక్క పలక వెయ్యండి.

తీసుకెళ్ళడానికి వచ్చినరోజు మాస్టారు టైర్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, "మెరవట్లేదబ్బాయ్" అన్నారు. నేను వెనక టైరు అరచెయ్యంత బూడిద మచ్చ మీద ఆయన వేలు పెట్టించాను. అంటలేదు. తర్వాత ఆయన చెయ్యి అదే తీసుకెళ్ళి టైరు పక్కగోడ మీద, గాడిలో దిగిన కుట్ల వెంబడి పెట్టాను, పైన రబ్బరులో సన్నగా ఉబ్బు తగులుతుంది. ఆయన ఆ ఉబ్బు మీద వేలు అటూ ఇటూ నడిపారు కాసేపు. మెరుపు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

అది పోయినేడాది ఫిబ్రవరి. ముందు టైరు మీద పెద్ద పగుళ్ళు ఐదింటికి పక్కన తెల్ల పెన్సిల్‌తో చివర్లు గుర్తుపెట్టి, స్కేలు పెట్టి ఫొటోలు తీసి ఉంచుకున్నా. మొన్న ఏప్రిల్లో, అంటే ఒక ఎండాకాలం మొత్తం, ఒక వానాకాలం దాటాక, పద్నాలుగు నెలలకి వాళ్ళింటికెళ్ళి అవే కోణాల్లో మళ్ళీ తీశాను. నాలుగు పగుళ్ళు గుర్తు దాటలేదు. అయిదోది, మడత సరిగ్గా మధ్యలో ఉన్నది, రెండు మిల్లీమీటర్లు ముందుకెళ్ళింది. అక్కడ ఫోమ్ కొంచెం బిగువుగా ఉందని నా అనుమానం, విప్పి ఆ జానెడు మేర పల్చగా చెక్కి మళ్ళీ పెట్టా. వెనక టైరు జిగురు పెరగలేదు, పౌడర్ ఇంకోసారి అద్దాను. గ్లిజరిన్ గుడ్డ ముందు టైరుకి ఒక్కసారి తిప్పా, ఏడాదికి రెండుసార్లు మించి అక్కర్లేదు.

సంక్రాంతికి ఆయన కొత్త టైర్ల మీద కాలవగట్టు వెంబడి నాలుగు కిలోమీటర్లు తొక్కారట, మనవడు పక్కన గేరు సైకిల్ మీద. బ్రేకు గట్టిగా పట్టుకుంటోందని చెప్పారు. ఇంటికొచ్చాక చక్రాలు మార్చింది కూడా ఆయనే, పంపు కొట్లు రాసుకున్న ఆ కాగితం ఫొటో ఫ్రేము వెనక దోపి ఉంచారు, నాకు తీసి చూపించారు. మళ్ళీ అక్టోబర్లో వెళ్ళి ఆ అయిదో పగులు కొలవాలి.